అవిద్య అంటే ఎవరి మాట పట్టుకోవాలి: శంకరులదా, పతంజలిదా, రామానుజులదా, మధ్వులదా?

వేదాంతం మొదలుపెట్టిన వాళ్ళు ఏడాదో రెండేళ్ళో గడిచాక తరచుగా అనే మాట ఒకటుంది. "చదివాను, అర్థమైంది కూడా, అయినా కోపం అలాగే ఉంది, భయం అలాగే ఉంది." నేనూ అన్నాను. పంచదశి అనే అద్వైత గ్రంథం ముందు పెట్టుకుని రెండేళ్ళు కూర్చున్నాను. ఆవరణ శక్తి (ఉన్నదాన్ని కప్పేది), విక్షేప శక్తి (లేనిదాన్ని చూపించేది) అని గడగడా చెప్పేవాడిని, ఎవరైనా చిన్న మాట అంటే మాత్రం వారం దాకా మనసులోంచి పోయేది కాదు. తప్పు ఎక్కడుందా అని వెతుక్కుంటే తేలిందేమిటంటే, అవిద్య అన్న ఒక్క మాటకి మన దర్శనాల్లో వేరు వేరు అర్థాలున్నాయి, ఏ అర్థానికి తగ్గ మందు ఆ దర్శనమే చెప్పింది, నేనేమో ఒకరు చెప్పిన జబ్బుకి ఇంకొకరి మందు మింగుతున్నాను, అదీ సగం సగం.

అందుకే ఈ పోలిక. ఎవరి వాదం గెలిచిందన్న గొడవలోకి నేను దిగను, దానికి వేల పేజీల ఖండన గ్రంథాలున్నాయి. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి "తెలిసినా మార్పు ఎందుకు రాలేదు?" అని అడుగుతాను. ఈ ప్రశ్నకి ఎవరు ఏం చెప్తారో చూస్తే వాళ్ళ దృష్టిలో అవిద్య ఏమిటో సగం తెలిసిపోతుంది.

ముందు ఒక చిక్కు తీసేద్దాం. తెలుగులో అవిద్య అంటే చదువు లేకపోవడం అని వినిపిస్తుంది, అజ్ఞాని అంటే తిట్టులా వినిపిస్తుంది. శాస్త్రంలో ఆ అర్థం కాదు. ఛాందోగ్యం ఏడో అధ్యాయంలో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వచ్చి తను చదివినవన్నీ వరసగా చెప్తాడు, నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, నక్షత్ర విద్య, ఇంకా చాలా. అన్నీ చెప్పి చివర్లో, నాకు మంత్రాలు తెలుసు కానీ ఆత్మ తెలియదు, దుఃఖపడుతున్నాను అంటాడు. అంత చదివినా పోలేదు. కఠోపనిషత్తు ఇంకా కటువుగా చెప్తుంది: అవిద్య మధ్యలో కూర్చుని తమని తామే పండితులం అనుకునేవాళ్ళు గుడ్డివాడి వెంట నడిచే గుడ్డివాళ్ళలా తిరుగుతారట. కాబట్టి ఇక్కడ మాట్లాడేది సమాచారం లేకపోవడం గురించి కాదు. ఉన్నదాన్ని ఇంకోటిగా తీసుకోవడం గురించి, లేదా ఉన్నది కప్పబడి ఉండటం గురించి. ఈ రెండింటిలో ఏది అన్న దగ్గరే దారులు చీలతాయి.

శంకరుల దారి

శంకరులు బ్రహ్మసూత్ర భాష్యాన్ని అధ్యాసతో మొదలుపెడతారు. అధ్యాస అంటే ఒకదాని మీద ఇంకోదాన్ని వేసి చూడటం, తాడు మీద పామును చూసినట్టు. "నేను లావుగా ఉన్నాను" అంటే శరీరం గుణం నా మీద వేసుకున్నాను, "నేను బాధపడుతున్నాను" అంటే మనసు గుణం నా మీద వేసుకున్నాను. నేను, నాది అనే లోకవ్యవహారమంతా సత్యాన్ని, అనృతాన్ని కలిపేసిన ఈ పొరపాటు మీద నడుస్తోందని, ఇది సహజంగా జరిగిపోతున్నదని ఆయన అంటారు. చంకలో పిల్లాడిని పెట్టుకుని ఊరంతా వెతకడం అన్న మన సామెత సరిగ్గా దీనికి సరిపోతుంది. పిల్లాడు పోలేదు, దొరకాల్సిన పనీ లేదు, చూసుకుంటే చాలు. పదిమంది ఏరు దాటాక ప్రతివాడూ తనని వదిలేసి తొమ్మిదిమందినే లెక్కపెట్టుకుని ఏడ్చే కథ కూడా ఇదే. ఆ కథ ఆధారంగా విద్యారణ్యులు పంచదశిలో అజ్ఞానం మొదలు తృప్తి దాకా ఏడు దశలు చెప్పారు.

ఇది పొరపాటే అయితే మందు జ్ఞానమే. కర్మ పనికిరాదు, ఎందుకంటే ఎన్ని మంత్రాలు చదివినా తాడు మీద పాము పోదు, దీపం పెట్టాలి. ఈ వాదంలో ఉన్న శుభ్రత నాకు ఇప్పటికీ చాలా ఇష్టం.

మరి నా ప్రశ్న? దీపం పెట్టాను కదా, పాము ఇంకా బుసకొడుతోందే? శంకరులు దీన్ని దాటవేయలేదు. ఒకసారి విన్నంత మాత్రాన తెలియనివాడికి మళ్ళీ మళ్ళీ వినడం, ఆలోచించడం కావాలని నాలుగో అధ్యాయం మొదట్లోనే ఒప్పుకుంటారు, శ్వేతకేతువుకి తండ్రి తత్త్వమసి, అంటే "అది నువ్వే" అని తొమ్మిదిసార్లు చెప్పాడని గుర్తుచేస్తారు. తెలిశాక కూడా కొంతకాలం పాత సంస్కారం నడుస్తుందంటూ కంటిజబ్బు ఉన్నవాడికి ఇద్దరు చంద్రులు కనిపించడాన్ని ఉదాహరణగా ఇస్తారు. చంద్రుడు ఒక్కడే అని తెలిసినా రెండు కనిపిస్తూనే ఉంటాయి. ఈ ఇద్దరు చంద్రుల సంగతి గుర్తుపెట్టుకోండి, రామానుజుల దగ్గర మళ్ళీ వస్తుంది.

శంకరుల ఈ దారినే అద్వైతం అంటారు, జీవుడూ బ్రహ్మమూ రెండు కావన్నది దాని మాట. దాని లోపలికి వెళ్తే ఇంకో చీలిక ఎదురవుతుంది, దీన్ని పండితుల తగాదా అని దాటేయకండి. అవిద్య ఎవరికి ఉంది? జీవుడికి అంటారు వాచస్పతిమిశ్రుల భామతి మార్గం వాళ్ళు. బ్రహ్మమే దానికి ఆశ్రయం, బ్రహ్మమే దానికి విషయం అంటారు ప్రకాశాత్ముల వివరణ మార్గం వాళ్ళు. జీవుడికి అంటే, అసలు జీవుడే అవిద్య వల్ల వచ్చాడు కదా అన్న ప్రశ్న. బ్రహ్మానికి అంటే, జ్ఞానస్వరూపానికి అజ్ఞానమేమిటన్న ప్రశ్న. రెండు వైపులా జవాబులున్నాయి, రెండూ ఇబ్బందికరమైనవే. మనకి పనికొచ్చే తేడా సాధనలో ఉంది. వివరణ వాళ్ళకి తత్త్వమసి లాంటి మహావాక్యాన్ని వినడమే సాక్షాత్తు జ్ఞానం ఇస్తుంది, మననం (ఆలోచించడం), నిదిధ్యాసనం (ధ్యానించడం) అడ్డంకులు తీయడానికి. భామతి వాళ్ళకి ధ్యానంతో పదునెక్కిన మనసే సాధనం, విన్న మాట ఒక్కటే చాలదు. "అర్థమైంది కానీ మారలేదు" అనే మనిషి అద్వైతంలోనే ఉండాలనుకుంటే భామతి వైపు మొగ్గడం మంచిదని నా అభిప్రాయం.

ఇంకో సంగతి, శంకరులు తలుపు దగ్గరే అర్హత అడుగుతారు. నిత్యానిత్య వివేకం, వైరాగ్యం, శమదమాది ఆరు (మనసునీ ఇంద్రియాలనీ అదుపులో పెట్టుకోవడం లాంటివి), మోక్షం కావాలన్న తపన. ఈ నాలుగూ పుస్తకం మొదటి పేజీలోనే ఉంటాయి కాబట్టి అందరం తిప్పేసి రెండో పేజీకి వెళ్ళిపోతాం. నేనూ అదే చేశాను.

పతంజలి దారి

ఇక్కడ గాలి మారుతుంది. యోగసూత్రాల్లో అవిద్య ఐదు క్లేశాల్లో, అంటే మనసుని బాధించే వాటిలో, మొదటిది, మిగతా నాలుగు, అంటే అస్మిత (నేను అన్న భావం), రాగం, ద్వేషం, అభినివేశం (చావు భయం), అవి మొలిచే పొలం కూడా అదే. రెండో పాదం ఐదో సూత్రం దానికి నిర్వచనం ఇస్తుంది: అనిత్యమైనదాన్ని నిత్యమని, అశుచిని శుచి అని, దుఃఖాన్ని సుఖమని, ఆత్మ కానిదాన్ని ఆత్మ అని అనుకోవడం. నాకు తెలిసినంతలో రోజూ ఉపయోగపడే నిర్వచనం ఇంతకంటే ఇంకోటి లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా మీకు టెన్షన్ పెట్టిన ఏ సంగతైనా తీసుకోండి, ఈ నాలుగు గళ్ళలో ఏదో ఒకదాంట్లో పడుతుంది, ఒక్కోసారి నాలుగింటిలోనూ.

అవిద్య అంటే విద్య లేకపోవడం మాత్రమే కాదని ఈ సూత్రాలకి పాత వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం గట్టిగా చెప్తుంది. అమిత్రుడు అంటే మిత్రుడు లేకపోవడం కాదు, శత్రువు. అలాగే అవిద్య కూడా విద్యకి ఎదురు నిలిచే ఒక జ్ఞానం, పని చేస్తున్న తప్పుడు జ్ఞానం.

తెలిసినా ఎందుకు మారలేదు అంటే, పతంజలి ఆశ్చర్యపోరు. చావంటే భయం పండితుడిలో కూడా తన దారిన తాను పారుతూనే ఉంటుందని సూత్రంలోనే రాసేశారు. క్లేశాలకి నాలుగు స్థితులున్నాయి: నిద్రపోతూ ఉండటం, పలచబడి ఉండటం, మధ్యలో ఆగి ఉండటం, పూర్తిగా లేచి ఉండటం. భాష్యం ఇచ్చే ఉదాహరణలో, చైత్రుడు అనే మనిషికి ఒక స్త్రీ మీద రాగం ఉందంటే మిగతావాళ్ళ మీద లేదని కాదు, ప్రస్తుతానికి ఇక్కడ పని చేస్తోంది, అక్కడ తర్వాత చేస్తుంది, అంతే. (భాష్యకారుడికి మనుషుల గురించి బాగానే తెలుసు.) మీరు పోయిందనుకున్న కోపం చాలాసార్లు పోలేదు, పడుకుంది. మందు కూడా దాన్ని బట్టే. తపస్సు, స్వాధ్యాయం (శాస్త్రం చదవడం, జపం), ఈశ్వరప్రణిధానం (ఈశ్వరుడికి అర్పించడం) అనే క్రియాయోగంతో పలచబరచాలి, మనసులో లేచిన వృత్తులని ధ్యానంతో అణచాలి, ఆత్మ వేరు, మనసు వేరు అన్న ఎడతెగని చూపు, అంటే వివేకఖ్యాతి వచ్చాక అవి వేయించిన గింజల్లా అవుతాయి, ఇక మొలవవు.

ఈ దారికి లోటు లేదా అంటే ఉంది. ప్రకృతి (మనసుతో సహా జడమంతా) వేరు, పురుషుడు (ఆత్మ) వేరు అన్న ద్వైతం మీద ఇదంతా నిలబడింది. ఏమీ చేయని పురుషుడు, జడమైన చిత్తం, వీటికి సంబంధం ఎలా కలిగిందని అడిగితే అవిద్య వల్ల అంటారు, అవిద్య ఎక్కడుందంటే చిత్తంలో అంటారు. చివరికి అనాది. నిజానికి ఇక్కడ మాట్లాడుకుంటున్న వాళ్ళందరూ చివరికి అనాది అనే అంటారు, కాబట్టి ఆ ఒక్క మాట పట్టుకుని ఎవరినీ వదిలేయలేం. ఈ ద్వైతానికి మూలమైన సాంఖ్య దర్శనమే కావాలనుకుంటే ఈశ్వరకృష్ణుల సాంఖ్యకారిక చూడండి, డెబ్బై చిల్లర శ్లోకాలు, అందులో అవిద్య స్థానంలో అవివేకం, మందు తత్త్వాల విచారణ. సాధన వివరాలు తక్కువ, అందుకే ఎక్కువమంది అక్కడి నుంచి యోగానికి వస్తారు.

రామానుజుల దారి

బ్రహ్మసూత్రాలకి తను రాసిన శ్రీభాష్యంలో మొదటి సూత్రం దగ్గరే రామానుజులు అద్వైతుల అవిద్య మీద ఏడు అనుపపత్తులు, అంటే పొసగని సంగతులు చూపిస్తారు. అది ఎవరిని ఆశ్రయించింది, స్వయంప్రకాశమైనదాన్ని ఎలా కప్పింది, దాని స్వరూపం ఏమిటి, ఉందనీ లేదనీ చెప్పలేనిదంటే ఏమిటి, ప్రమాణం ఏది, పోగొట్టేది ఏది, పోవడం అంటే ఏమిటి. అద్వైతం ఇష్టమున్నవాళ్ళు కూడా ఈ ఏడూ చదవాలి, చదివాకే మనం దేన్ని నమ్ముతున్నామో తెలుస్తుంది.

ఇద్దరు చంద్రులు తిరిగి వచ్చేది ఇక్కడే. తెలిశాక కూడా భేదం కనిపిస్తూనే ఉంటుంది, ఇద్దరు చంద్రుల్లాగా, అని అద్వైతి అంటే రామానుజుల జవాబు ఇది: రెండు చంద్రులు కనిపించడానికి కారణమైన కంటిదోషం నిజమైనది, అది జ్ఞానంతో పోయేది కాదు, కాబట్టి చూపు అలాగే ఉంది. మీ లెక్కలో దోషం, వాసన అన్నీ మిథ్యే కదా, మరి వాక్యజ్ఞానం రాగానే అవి ఎందుకు పోలేదు? ఈ ఎదురు ప్రశ్న చదివిన రోజు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. నా రెండేళ్ళ ఫిర్యాదు అక్షరాలా అదే.

ఆయన లెక్కలో అవిద్య అంటే అనాదిగా వస్తున్న కర్మ. దీనికి విష్ణుపురాణ వచనాన్ని ఆధారంగా తీసుకుంటారు. జీవుడి స్వరూపం చెడదు, అతని జ్ఞానం కర్మ వల్ల ముడుచుకుంటుంది, కర్మ పోతే విచ్చుకుంటుంది. లోకం మిథ్య కాదు. మాయ అంటే కూడా అబద్ధం కాదు, ఈశ్వరుడి చేతిలోని విచిత్రమైన సృష్టి శక్తి, ప్రకృతి. కట్టు నిజమైనది కాబట్టి తెలుసుకోవడం ఒక్కటే చాలదు, నూనె ధారలా తెగకుండా సాగే స్మరణ కావాలి, అది ప్రేమగా మారాలి, కట్టు విప్పేది భగవంతుడి అనుగ్రహం. శరీరం ఉండగా ముక్తి అన్నది ఆయన ఒప్పుకోరు. ఇక్కడే, ఇప్పుడే కావాలనుకునేవాళ్ళకి ఇది నచ్చదు, చాలామందికి మాత్రం ఊరట. "నేనింకా కాలేదే" అన్న దిగులు ఉండదు.

మధ్వాచార్యులు ఇంకో అడుగు ముందుకెళ్తారు. జీవుడు, ఈశ్వరుడు, జడం, వీటి మధ్య ఐదు రకాల భేదాలూ నిజమే, అజ్ఞానమూ నిజమే. అది జీవుడికి రెండు పొరలుగా ఉంటుంది, ఒకటి అతని స్వరూపాన్ని అతనికే కనపడకుండా చేస్తుంది, రెండోది పరమాత్మని కనపడకుండా చేస్తుంది. రెండూ ఈశ్వరుడి ఇచ్ఛకి లోబడినవే, ఆయన ప్రసాదం వల్లే తొలగుతాయి. తెలిసినా ఎందుకు మారలేదు అంటే, మారడం నీ చేతిలో ఉందని ఎవరు చెప్పారు అన్న ధోరణి. నేను ఎక్కువ కాలం గడపని దారి ఇది, అందుకే తక్కువ చెప్తున్నాను, కానీ "నువ్వే బ్రహ్మం" అంటే ఒళ్ళు జలదరించే వాళ్ళకి, స్వతంత్రుడు ఒక్కడే, మిగతా అంతా పరతంత్రం అన్న స్పష్టత ఎంతో హాయి.

శైవంలో ఒక మాట చెప్పకపోతే కంటిజబ్బు కథ పూర్తవదు. మలం, అంటే ఆత్మని కప్పిన మురికి, ఒక ద్రవ్యం లాంటిది, కంటిలో పొర లాంటిది అంటుంది శైవసిద్ధాంతం. పొర ఉందని తెలిస్తే పొర పోదు, వైద్యుడు తీయాలి, ఆ తీయడమే దీక్ష. కాశ్మీర శైవంలో అభినవగుప్తులు అజ్ఞానాన్ని రెండుగా విడదీశారు: పౌరుషం, బౌద్ధం. పౌరుషం అంటే పురుషుడికే, అంటే జీవుడికే అంటినది. ఈ బౌద్ధం అంటే బుద్ధికి సంబంధించినది, బుద్ధుడికి కాదు. మొదటిది దీక్షతో పోతుంది, రెండోది శాస్త్రజ్ఞానంతో. రెండూ పోతేనే బతికుండగా ముక్తి. తెలివితో పోయేది వేరు, తెలివితో పోనిది వేరు అని ఇంత సూటిగా విడగొట్టిన వాళ్ళు తక్కువ.

కలిపేసుకునే ముందు

అన్నీ ఒకటే కదా, కావలసింది అక్కడొకటి ఇక్కడొకటి తీసుకుందాం అనిపిస్తుంది. మాటలు ఒకటే కావడం వల్ల వచ్చే మోసం అది. వివేకం అన్న మాటనే తీసుకోండి. శంకరులకి అది నిత్యం ఏది, అనిత్యం ఏది అని విడదీయడం. పతంజలికి సత్త్వం (బుద్ధి) వేరు, పురుషుడు వేరు అన్న చూపు. రామానుజులు చెప్పే సాధన సప్తకంలో, అంటే ఏడు సాధనల్లో, మొదటిది కూడా వివేకమే, అక్కడ దాని అర్థం ఆహారశుద్ధి, దోషం లేని అన్నంతో శరీరాన్ని శుద్ధిగా ఉంచుకోవడం. "వివేకం పెంచుకో" అని ముగ్గురూ చెప్తే మీరు మూడు వేర్వేరు పనులు చేయాలి. నేను చేసిన తప్పు ఇలాంటిదే, అవిద్య పతంజలి చెప్పిన అలవాటులా పట్టుకుని ఉంది, మందు మాత్రం వివరణ వాళ్ళది, అంటే వినడం, ఇంకా వినడం.

ముత్యపుచిప్పని చూసి వెండి అనుకునే ఉదాహరణ కూడా అంతే. అద్వైతి అక్కడ ఉందనీ లేదనీ చెప్పలేని వెండి తాత్కాలికంగా పుట్టిందంటాడు, నైయాయికుడు (న్యాయ దర్శనం వాడు) ఎక్కడో చూసిన వెండి ఇక్కడ తోచిందంటాడు, ప్రాభాకరుడు (మీమాంసలో ప్రభాకరుడి మార్గం వాడు) చూసినదానికి, గుర్తొచ్చినదానికి తేడా పట్టుకోలేదంతే అంటాడు, రామానుజులు చిప్పలో నిజంగానే కాస్త వెండి అంశ ఉందంటారు, మధ్వులు అసలు లేనే లేని వెండి ఉన్నట్టు కనిపించిందంటారు. ఒకే చిప్ప.

మరి ఎంపిక

మీ బాధ ప్రశ్న రూపంలో ఉంటే, అంటే అన్నీ సవ్యంగా ఉన్నా "ఇదంతా ఎవరికి జరుగుతోంది" అన్నది వదలకపోతే, వాదం అంటే విసుగు లేకపోతే, అద్వైతం. కానీ మనసు ఇంకా ఉడుకుతుంటే ఒంటరిగా అటు వెళ్ళకండి, ఎందుకంటే "అంతా మిథ్య" అన్న మాట బాధ్యత తప్పించుకోవడానికి చాలా తేలిగ్గా దొరికే సాకు, నేను వాడాను కాబట్టి చెప్తున్నాను.

బాధ అలవాటు రూపంలో ఉంటే, అదే కోపం, అదే ఆశ, అదే భయం తిరిగి తిరిగి వస్తుంటే, పతంజలి. దేవుడి మీద నమ్మకం గట్టిగా లేనివాళ్ళకి కూడా ఇక్కడ చేయడానికి పని దొరుకుతుంది.

బాధ ఎడబాటు రూపంలో ఉంటే, లోకాన్నీ మనుషుల్నీ అబద్ధం అనడం మనసుకి పట్టకపోతే, ప్రేమ మీ స్వభావమైతే, రామానుజులు. నా ప్రయత్నాలన్నీ అయిపోయాయి, ఇక నా వల్ల కాదు అన్న దశలో ఉన్నా అక్కడికే, ప్రపత్తి, అంటే శరణాగతి, అందుకే ఉంది. అదే శరణాగతిలో తేడాలు చెరిపేయడం ఇష్టం లేకపోతే మధ్వులు. గురువు, దీక్ష మీద మీకు గట్టి గురి ఉంటే శైవం.

ఇంటి సంప్రదాయం ఏదైనా ఉంటే దాన్ని ముందు చూడండి, అందులో చెప్పేవాళ్ళు దొరుకుతారు, ఆ ఒక్క లాభం చాలా పెద్దది. ఈశావాస్యం మాత్రం అందరికీ ఒక మెలిక పెట్టింది: అవిద్యని పట్టుకున్నవాళ్ళు చీకట్లోకి పోతారు, విద్యలోనే మునిగినవాళ్ళు ఇంకా పెద్ద చీకట్లోకి పోతారట. ఆ మంత్రంలో విద్య, అవిద్య అంటే ఏమిటో ఒక్కో భాష్యం ఒక్కోలా చెప్తుంది. ఏ భాష్యం చదివినప్పుడు "ఇది నా గురించే" అనిపిస్తుందో చూసుకోండి, అది కూడా ఒక పరీక్షే.

చదవడానికి అయితే, అద్వైతానికి తత్త్వబోధ, దృగ్దృశ్యవివేకం, ఆ తర్వాతే పంచదశి. రామానుజులకి ఆయన గీతాభాష్యం, వేదార్థసంగ్రహం, శ్రీభాష్యం తర్వాత. మధ్వులకి తత్త్వసంఖ్యానం, చాలా చిన్నది. ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతే యోగసూత్రాల రెండో పాదంలో మొదటి పదకొండు సూత్రాలు వ్యాసభాష్యంతో కలిపి తీసుకుని, నెల రోజులు రాత్రిపూట ఆ రోజు మిమ్మల్ని ఎక్కువ కుదిపిన ఒక్క సంగతిని ఐదో సూత్రంలోని నాలుగు గళ్ళలో ఏ గడిలో పడుతుందో రాసుకోండి. నా పుస్తకంలో ముప్పై రోజుల్లో పంతొమ్మిది "అనిత్యాన్ని నిత్యం అనుకోవడం" కింద పడ్డాయి, ఆత్మ విచారణ కోసం నేను పట్టుబట్టి కూర్చున్న నాలుగో గడిలో రెండే.